4కె మానిటర్‌లో అక్షరాలు మరీ చిన్నవి, మౌస్ తడబాటు

ప్రశ్న:
తిరుపతిలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తుంటాను. ల్యాప్‌టాప్ తెర చాలక పోయిన వారం 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నాను. అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తున్నాయి. పైగా మౌస్ బాణం ఆగి ఆగి కదులుతోంది. దీన్ని తిరిగి ఇచ్చేసి ఫుల్ హెచ్‌డీ తీసుకోవడం మేలంటారా?

జవాబు:
దయచేసి తిరిగి ఇవ్వకండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు (తెరపై బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) 30 హెర్ట్జ్ అని ఉంటే, బాణం తడబడేది అందుకే; మీ ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకానిదై ఉండవచ్చు. అది 4కె బొమ్మను, అంటే 3840 × 2160 చుక్కల బొమ్మను, సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ, వీడియో పంపగల టైప్-సి పోర్టు గానీ కావాలి. టైప్-సి పోర్టులన్నీ వీడియోను పంపవు, గమనించండి. అక్షరాల కోసం రిజల్యూషన్ (తెరపై చుక్కల సంఖ్య) తగ్గించకుండా, అక్షరాలను పెద్దవి చేసే స్కేలింగ్ సెట్టింగ్‌ను 150 శాతం చేయండి.

జవాబు:
చిత్తూరులో ప్రూఫులు దిద్దుతాను కనుక ఒక మాట చెబుతాను. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి సుమారు 82 చుక్కలే ఉంటాయి, 4కెలో 163 ఉంటాయి. ద, ధలను వేరుచేసే ఆ చిన్న గీత, ‘లక్ష్మి’లో అడుగున ఉండే మవత్తు విడివిడిగా కనిపించేది ఇందులోనే. పాత ప్రోగ్రాములు మాత్రం స్కేలింగ్‌తో కొంత మసకబారుతాయి.

ప్రశ్న అడిగినవారు:
30 హెర్ట్జే ఉందండీ. టైప్-సి కేబుల్‌తో కలపగానే 60 వచ్చింది, బాణం సాఫీగా కదులుతోంది. ఇద్దరికీ కృతజ్ఞతలు.