దేవుని చిత్తానికి సూచన అడగడం విశ్వాసమా, శోధించడమా?

నిరీక్షణ:
ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న చాలాకాలంగా నన్ను వేధిస్తోంది. ఉపవాస ప్రార్థన చేస్తున్నాను. నాకు ప్రాణమైన సంగీతాన్ని కూడా పక్కన పెట్టాను. ఇంతగా వదులుకుంటే దేవుడు తన చిత్తాన్ని తప్పక బయలుపరుస్తాడని కొందరు పెద్దలు అంటున్నారు. బైబిలులో మిద్యానీయులతో పోరాడిన ఇశ్రాయేలు నాయకుడు గిద్యోనులా సూచన అడగమని మరికొందరు. అలా అడిగితే దేవుణ్ణి శోధించినట్టే, అంటే పరీక్షకు పెట్టినట్టేనని ఇంకొకరు. మీరేమంటారు? దయచేసి వాక్యాన్ని బట్టి చెప్పండి.

దీపస్తంభం:
తప్పకుండా అడగండి. గిద్యోను కళ్లంలో గొర్రెబొచ్చు పెట్టి, మంచు దాని మీద మాత్రమే పడాలని అడిగాడు. పొద్దున్నే పిండితే పాత్ర నిండా నీళ్లు వచ్చాయి. మరుసటి రాత్రి బొచ్చు ఆరి ఉండి నేల తడవాలని అడిగాడు, అదీ జరిగింది. దేవుడు కోపగించలేదు. అంతేకాదు, ఆహాజు రాజును సూచన అడుక్కోమని దేవుడే చెప్పాడు (యెషయా 7:11). దేవుణ్ణి శోధించనని అతడు భక్తిగా తప్పుకుంటే ప్రవక్త గద్దించాడు. అడగకపోవడమే విశ్వాసమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

లేఖనార్థి:
దీపస్తంభం గారూ, ఆహాజు విషయంలో మీ మాట నిజం. అయితే అక్కడ అడగమన్నది దేవుడు. గిద్యోను కథను మాత్రం మనం సగమే చదువుతున్నాం. గొర్రెబొచ్చు పెట్టేనాటికి అతనికి దేవుని చిత్తం తెలుసు. నేను నీకు తోడుంటాను, మిద్యానీయులను హతం చేస్తావు అన్న మాట అప్పటికే వచ్చింది. రాతి మీద పెట్టిన అర్పణను అగ్ని దహించడం చూశాడు. ఆత్మ అతని మీదికి వచ్చాక కూడా ‘నువ్వు చెప్పినట్టు’ అంటూనే మళ్లీ గుర్తు అడిగాడు. అతనికి కొరవడింది సమాచారం కాదు, ధైర్యం.

మరి గొర్రెబొచ్చు ఆ భయాన్ని తీర్చిందా? 7వ అధ్యాయం చదవండి. 32,000 మందిని దేవుడు 300 మందికి తగ్గించాక, దిగి వెళ్లడానికి భయమైతే పనివాడు పూరాను వెంటబెట్టుకొని శత్రువుల పాళెం దగ్గరికి వెళ్లమన్నాడు. రెండు సూచనలు చూసినవాడితో దేవుడు మాట్లాడిన తీరు ఇది! చివరికి అతన్ని నిలబెట్టింది శత్రు సైనికుడొకడు చెప్పుకున్న కల. ఆ కలను అతడు అడగలేదు.

అందుకే నిరీక్షణ గారూ, సూచన అడగడం పాపమని నేను అనను. దేవుడు గిద్యోను బలహీనతను సహించాడు. కానీ సూచన దొరికితే సందేహం తీరిపోతుందన్న ఆశ పెట్టుకోవద్దు. వచ్చిన సూచన నిజంగా దేవునిదేనా అన్న కొత్త సందేహం మొదలవుతుంది.

త్యాగం గురించి ఇంకా గట్టిగా చెబుతాను. ఇశ్రాయేలు న్యాయాధిపతి యెఫ్తా మీదికి యెహోవా ఆత్మ వచ్చిందని న్యాయాధిపతులు 11:29 చెబుతుంది. గెలిచి వస్తే తన ఇంటి నుంచి ఎదురొచ్చేదాన్ని బలి ఇస్తానన్న మొక్కుబడి ఆ తర్వాతి వచనంలో ఉంది. దేవుడు అడగని మొక్కు అది. దాని మూల్యం అతని ఒక్కగానొక్క కూతురు చెల్లించింది. సౌలు రాజు సైన్యానికంతటికీ ఉపవాసపు ఒట్టు పెట్టాడు. అదే రోజు దేవుని దగ్గర విచారిస్తే జవాబే రాలేదు (1 సమూయేలు 14). త్యాగంతో దేవుని నోరు తెరిపించగలమని చూపే మాట ఈ రెండు చోట్లా నాకు కనబడదు.

గోధుమగింజ:
ఇలా రాస్తే ఉపవాసమే వ్యర్థమన్న భావన కలుగుతుంది, అది నాకు బాధగా ఉంది. అంతియొకయ సంఘం ఉపవాసంతో ప్రభువును సేవిస్తున్నప్పుడే బర్నబాను, సౌలును (అంటే పౌలును) ప్రత్యేకించమని ఆత్మ చెప్పాడు. రోమా 12లో వరుస చూడండి: మొదట శరీరాన్ని సజీవయాగంగా సమర్పించుకోవాలి, ఆ తర్వాతే దేవుని చిత్తమేమిటో పరీక్షించి తెలుసుకోవడం. సమర్పణ లేనివాడికి చిత్తం తెలిసినా ఏం చేసుకుంటాడు? ఉద్యోగమే కావాలని మనసులో నిర్ణయించుకొని ప్రార్థించేవాడికి ఏ జవాబైనా ఉద్యోగం వైపే వినబడుతుంది. ఆ పట్టు సడలించడానికే ఉపవాసం.

లేఖనార్థి:
ఈ మాట నేను పూర్తిగా అంగీకరిస్తాను. ఒక్కటే చేర్చనివ్వండి. రోమా 12 మొదలయ్యేదే దేవుని వాత్సల్యాన్ని బట్టి. దొరికిన కనికరానికి స్పందనగా ఇచ్చేది వేరు, జవాబు రాబట్టడానికి చెల్లించేది వేరు. మేము ఉపవాసముంటే నువ్వెందుకు చూడవని యెషయా 58లో ప్రజలు అడిగింది ఈ రెండో రకం. అబ్రాహాము కూడా దేవుని చిత్తం తెలుసుకోవడానికి కొడుకు ఇస్సాకును బలి కోసం మోరీయాకు తీసుకుపోలేదు. తెలిసిన మాటకు లోబడి వెళ్లాడు.

నిరీక్షణ:
అబ్రాహాముకు స్పష్టమైన ఆజ్ఞ ఉంది. నాకు లేదు. నా చిక్కంతా అక్కడే ఉంది.

గోధుమగింజ:
అలాంటప్పుడు అపొస్తలుల కార్యములు 16 మీకు దగ్గరగా ఉంటుంది. పౌలు ఆసియా అనే రోమా ప్రాంతంలో బోధించబోతే ఆత్మ ఆపాడు, బితూనియకు వెళ్లబోతే రానివ్వలేదు. అయినా ఒకచోట కూర్చోలేదు, త్రోయ దాకా నడిచాడు. వచ్చి సాయం చేయమని వేడుకునే మాసిదోనియ మనిషి దర్శనం అక్కడ వచ్చింది. ఆ దర్శనం చూసింది పౌలు, అయినా దేవుడు పిలిచాడని ‘మేము’ నిశ్చయించుకున్నాం అని రాసి ఉంది. మీరు ఒంటరిగా తేల్చుకోవాలని చూస్తున్నారేమో. ఉద్యోగం ఉంచుకొనే సెలవు రోజుల్లో సేవ మొదలుపెట్టండి, మిమ్మల్ని ఎరిగిన విశ్వాసులను గమనించి చెప్పమనండి.

దీపస్తంభం:
ఆ సలహా మంచిదే. కానీ పౌలుకైనా చివరికి దర్శనం వచ్చిందిగా! సూచన అవసరం లేదని ఈ అధ్యాయం నుంచి ఎలా రుజువు చేస్తారు?

లేఖనార్థి:
రుజువు చేయడం లేదు. పౌలు దాన్ని అడిగినట్టు ఆ అధ్యాయంలో లేదన్నదే నా మాట. నిరీక్షణ గారూ, సంగీతం గురించి ఒకటి అడుగుతాను. దాన్ని వదలమని దేవుడు మీతో చెప్పాడా, లేక వదిలితే జవాబు వస్తుందని వదిలారా?

నిరీక్షణ:
జవాబు కోసమే వదిలాను.

లేఖనార్థి:
అయితే ఈ ఆదివారం ఆరాధనలో మళ్లీ వాయించండి. సేవ సంగతి పెద్దలతో వేరుగా మాట్లాడండి.