పిల్లలతో తీరప్రయాణం: రాత్రికి టెంటు ఇసుకపైనా, దిబ్బల వెనుకా?

బాటసారి:

ఆరేళ్లు, పదకొండేళ్ల వయసున్న ఇద్దరు పిల్లలతో, జనసంచారం తక్కువగా ఉండే తీరం వెంబడి పది రోజులు కారులో తిరుగుతూ, రాత్రిళ్లు టెంటులోనే పడుకోవాలని నేనూ నా భార్యా నిర్ణయించుకున్నాం. ప్రయాణం గురించి మాకు ఏ తేడా లేదు. బస దగ్గరే మాట కలవడం లేదు. అలలకు ఎదురుగా, ఆరిన ఇసుకపైనే టెంటు వేయాలని ఆమె అంటోంది. ఇసుకదిబ్బలు దాటి, లోపల గట్టినేలపై వేయాలని నేను అంటున్నాను. మేము వెళ్లే చోట రెండింటికీ అనుమతి ఉంది కాబట్టి నిబంధనల ప్రసక్తి అక్కర్లేదు. తీరంలో రాత్రులు గడిపినవారు ఏది సబబో కారణాలతో సహా చెప్పగలరని మనవి.

ఇసుకతిన్నె:

నేను మీ భార్యగారి పక్షం. అంతదూరం వెళ్లి సముద్రం కనిపించని చోట పడుకుంటే పిల్లలకు ఆ ప్రయాణంలో మిగిలేది కారు వెనుక సీటే. అయితే నా అసలు కారణం అది కాదు. మనం తొక్కిన ఇసుక నాలుగు రోజుల్లో మళ్లీ మొదటిలాగే అవుతుంది, దిబ్బ అలా కాదు. దిబ్బను నిలబెట్టేది దానిపై పాకే తీగలూ, లోతుగా దిగిన గడ్డివేళ్లూ. పదిమంది ఒకే చోట ఎక్కి దిగితే అక్కడ పచ్చదనం పోతుంది, ఆ ఖాళీలోంచి గాలి ఇసుకను ఎగరగొడుతుంది, చివరకు అక్కడ గండి పడుతుంది. తుఫానులో లోపలి నేలను కాపాడేది ఆ దిబ్బే. ఎండిన నాచు గీతకు నాలుగడుగులు పైన, చదునైన ఇసుకపై వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

పోటుపాటు:

దిబ్బల గురించి ఇసుకతిన్నె గారు రాసిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. నాచు గీతకు నాలుగడుగులు పైన చాలన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. సాయంత్రం మనకు కనిపించే గీత గడిచిన పోటు ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. రాబోయే పోటు ఎంతవరకు వస్తుందో చెప్పదు.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. పౌర్ణమికి ముందురోజు సాయంత్రం మేము ఆ గీతకు పన్నెండడుగుల పైన టెంటు వేశాం. రాత్రి రెండు గంటలప్పుడు మా చిన్నమ్మాయి లేచి పక్క చల్లగా ఉందని అంది. చేయి ఆనిస్తే కింద పరిచిన టార్పాలిన్ అడుగున నీరు కదులుతోంది. జిప్పు తీసేసరికి బయట విడిచిన చెప్పుల్లో ఒకటి తేలుతూ వచ్చి గుమ్మానికి తగిలింది. రెండోది మాకు మళ్లీ కనిపించలేదు. ఇసుక నానడంతో మేకులన్నీ వదులైపోయి, టెంటు ఒక పక్కకు ఒరిగిపోయింది. నేనూ మా ఆయనా చెరొక బిడ్డను ఎత్తుకుని, మోకాళ్ల లోతు నురగలో పైకి నడిచాం. కారు గట్టినేలపై ఉంది కాబట్టి మిగిలిన రాత్రి అందులో కూర్చోగలిగాం. ఆ నీటిని చూసి నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇలా ఎందుకు జరిగిందో తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంతేకాదు, ఒకే రోజు వచ్చే రెండు పోట్లు సమానంగా ఉండాలన్న నియమం లేదు. మేము వెళ్లిన తీరంలో పగటి పోటు కన్నా రాత్రి పోటు ఎత్తుగా ఉంది. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులకు పోటు బాగా తగ్గి, అక్కడి నుంచి రోజురోజుకూ పెరుగుతూ అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. అంటే మేము పెరుగుతున్న పోట్ల మధ్యలో, వాటిలో చిన్నదైన పగటి పోటు గీతను నమ్ముకుని పడుకున్నామన్నమాట.

పోటు సమయాల పట్టిక చూసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. అది తప్పక చూడాలి, కానీ ఆ పట్టిక మామూలు వాతావరణానికి వేసిన లెక్క. గాలి ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తీరం వైపు గాలి బలంగా వీస్తే నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. అలలు ఎగబాకే దూరం ఆ పైన. పైగా ఒక తీరంలో నేర్చుకున్న అంచనా ఇంకో తీరంలో పనికిరాదు. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల ఆటుపోట్ల తేడా కొన్ని పదుల సెంటీమీటర్లే. కెనడాలోని ఫండీ అఖాతంలో అది 16 మీటర్ల వరకు ఉంటుంది.

కారును ఇసుకపైకి దించే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఆస్ట్రేలియాలోని కగారి దీవిలో సముద్రపు ఒడ్డే రహదారి, వాహనాలు దానిమీదే తిరుగుతాయి. అక్కడ కూడా పోటు గరిష్ఠంగా ఉండే వేళకు అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు బండి నడపవద్దని చెబుతారు. దిగబడిన చక్రాన్ని పిల్లల సాయంతో తవ్వుకుంటూ ఉండగా నీరు పెరగడమన్నది ఊహించడానికే ఇష్టం లేదు.

ఇసుకతిన్నె:

మీ అనుభవం చదివాక నాలుగడుగుల మాటను వెనక్కి తీసుకుంటున్నాను, పోటుపాటు గారూ. అంతమాత్రాన దిబ్బల వెనుకకు వెళ్లాలన్న వాదనను మాత్రం ఒప్పుకోను. అక్కడికి వెళ్లేవారిలో చాలామంది, అప్పటికే ఉన్న కాలిబాటను వదిలి, గాలి తగలని పల్లం కోసం దిబ్బ మీదుగానే దిగుతారు. ఇదివరకే బాట ఉండి, నేల గట్టిగా ఉండి, మొక్క నలగని చోటు దొరికితేనే వెనుకకు వెళ్లండి. లేకపోతే ఆ రాత్రికి ముందుకు సాగండి. వాగు సముద్రంలో కలిసే చోట చదునైన నేల చూసి ముచ్చటపడవద్దు. ఎగువన ఎక్కడో కురిసిన వాన రాత్రికి రాత్రే అక్కడికి చేరుతుంది.

దీపస్తంభం:

తాబేళ్ల ప్రస్తావన ఇంతవరకూ రాలేదు. ఇసుకపై బస ఎవరికీ నష్టం లేదన్న మాట, అవి గుడ్లు పెట్టే తీరాల్లో, ఆ కాలంలో నిజం కాదు. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ పోటు గీతకు పైకి, అంటే సరిగ్గా మనం టెంటు వేయాలనుకునే చోటికే వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్తుంది. ఒడ్డున వెలుగో కదలికో కనిపిస్తే చాలాసార్లు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. ఏడెనిమిది వారాలకు బయటికొచ్చే పిల్లలు ఎక్కువ వెలుగున్న దిక్కుకు నడుస్తాయి. చీకటి తీరంలో అది సముద్రమే, కానీ టెంటులో దీపం వెలిగితే అవి ఇటు వస్తాయి. కారు చక్రాల గాడిలో పడితే ఎక్కలేవు. ఆ కాలంలో ఇసుక వాటిది, మనం వెనుకనే ఉండాలి.

టెంటు ఎక్కడ వేసినా మరొకటి పాటించండి. బలమైన భూకంపం వచ్చినా, నీరు ఉన్నట్టుండి వెనక్కి పోయినా, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తుకు వెళ్లాలని పిల్లలకు కూడా నేర్పాలి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీలో, భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న ఇండోనేషియాలోని సిమ్యులూ దీవిలో, దాదాపు 78,000 మందిలో మరణించినవారు ఏడుగురే. 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకాన్ని అక్కడివారు 'స్మోంగ్' (వారి భాషలో సునామీ) అన్న మాటతో, కథలతో, పాటలతో పిల్లలకు చెబుతూ వచ్చారు. టెంటు వేసిన వెంటనే, వెలుతురు ఉండగానే, మిట్టకు వెళ్లే దారిలో పిల్లలతో ఒకసారి నడిచి రండి.

బాటసారి:

అందరికీ కృతజ్ఞతలు. పోటుపాటు గారు రాసింది నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, పోటు పట్టిక తెరిచి మా పది రోజుల పక్కన తిథులు రాసుకుంది. తొమ్మిది రాత్రుల్లో ఏడు పెరుగుతున్న పోట్లలోనే పడ్డాయి. ఆ ఏడూ బాట ఉన్న గట్టినేలపైనే పడుకుంటాం, సాయంత్రం ఆటలు మాత్రం ఇసుకపైన. పోటు తక్కువగా ఉండే మొదటి రెండు రాత్రుల్లో ఒకటి ఆమె తనకోసం అడిగింది. మేము వెళ్లేది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాదు కాబట్టి నేను ఒప్పుకున్నాను. అయితే పాత తుఫాను తెచ్చిపడేసిన దుంగల గీతకు కూడా పైన చోటు దొరికితేనే, కారు మాత్రం వెనుకనే ఉంచి. దొరక్కపోతే ఆ రాత్రి కూడా వెనుకనే.