అప్‌డేట్: టేకు గిటార్‌పై ఆరని పూత, కారణం దొరికింది

విజయవాడలో చేయించుకున్న ఎలక్ట్రిక్ గిటార్ టేకు బాడీపై పారదర్శక పాలియురెథేన్ పూత తొమ్మిది రోజులైనా జిగురుగానే ఉందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తప్పు వాన తేమది కాదు, పూత డబ్బాదీ కాదు. పాలిష్ పనిచేసే పెద్దాయన వేలితో తడిమి, టేకులోని సహజమైన నూనే పూతను గట్టిపడనివ్వడం లేదన్నారు. మీలో ఒకరు చెప్పిందీ అదే! పూతంతా గీకి, తుడిచిన గుడ్డకు పసుపు మరక అంటడం తగ్గేదాకా అసిటోన్‌తో తుడిచాం. అది ఆరగానే, లోపలి నూనె పూతకు తగలకుండా అడ్డుగా మైనం తీసిన లక్క రెండు పలుచని పొరలు వేశాం. దానిపై అదే డబ్బాలోని పాలియురెథేన్ మర్నాటికి ఆరింది. టేకు చారలు తేనె రంగులో ఎంత అందంగా తేలాయో!

టేకు బదులు కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్రతో బాడీ చేయిద్దామంటే, అది తేలికే కానీ మరీ మెత్తన, తీగలను మోసే బ్రిడ్జి మరలు బిగువుగా నిలవవు. అందుకే కర్ర మార్చలేదు.