మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడా? వల దగ్గర వాటాలు చూసి చెప్పండి

పర్లాకిమిడి_పంతులు:
సూటిగా అడుగుతాను. మనిషికి న్యాయబుద్ధి పుట్టుకతో వస్తుందా, ఎదుటివాడు ఊరుకోడన్న భయంతో వస్తుందా? నా పక్షం రెండోది.

1982లో జర్మనీలో వెర్నర్ గూట్, మరో ఇద్దరు కలిసి ఒక ఆట ఆడించారు. మన లెక్కలో వెయ్యి రూపాయలనుకోండి. ఒకడు పంచుతాడు, రెండోవాడు సరే అనాలి. సరే అంటే పంపకం ఖాయం, కాదంటే ఇద్దరికీ సున్నా. లాభమే చూసుకునేవాడు పది రూపాయలిచ్చినా పుచ్చుకోవాలి కదా. కాని ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఈ ఆట ఆడించినప్పుడు మామూలుగా నాలుగైదు వందలు ఇచ్చారు. రెండొందల లోపు ఇస్తే దాదాపు సగం సార్లు తిప్పికొట్టారు. దీన్ని చూపించే 'మనిషిలో న్యాయం ఉంది' అంటారు.

తొందరపడకండి. కాదనే హక్కు తీసేసి అదే డబ్బు పంచమంటే, ఇచ్చేది సగటున 28 శాతానికి జారిపోతుంది. మూడోవంతు మందికి పైగా పైసా ఇవ్వరు. 2007లో జాన్ లిస్ట్ ఇంకో మెలిక పెట్టాడు: ఇవ్వడమే కాదు, కావాలంటే అవతలివాడి డబ్బులోంచి తీసుకోవచ్చు కూడా. అంతే, ఇచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారు. మనుషులు మారలేదు, ఆట నియమం మారిందంతే.

వలతాడు:
పంతులు గారూ, ఆ అంకెలు కాదనను. కాని ఆ వెయ్యి ఎవరి చెమట? ఊరికే చేతిలో పెట్టిన డబ్బు. ఊరికే వచ్చింది పంచడం వేరు, కలిసి లాగింది పంచడం వేరు.

2011లో అచ్చయిన ఒక ప్రయోగం చూడండి. మూడేళ్ల పిల్లలు ఇద్దరు, ఒక పలక, దానికి తాళ్లు. ఇద్దరూ కలిసి లాగితేనే పలక దగ్గరికొస్తుంది. వచ్చాక ఒకరివైపు మూడు గోళీలు, రెండోవారివైపు ఒకటి దొర్లుతాయి. మూడు దొరికిన పిల్ల చాలాసార్లు ఒకటి తీసి అవతలి పిల్లకిచ్చి రెండు రెండు చేసింది. లాగుడు లేకుండా, గదిలోకి వచ్చేసరికే గోళీలు అలా పడి ఉంటే పంచడం బాగా తగ్గింది. చింపాంజీల్లో ఈ తేడా కనపడలేదు. మూడేళ్ల పిల్లకి ఏ కులపెద్ద భయం ఉంది చెప్పండి?

ఒడిశా తీరంలో గోపాలపూర్ ఇసుకలో అలివి వల, అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, లాగడం చూడండి. రెండు తాళ్లు, రెండు వరసలు. మడమలు ఇసుకలో దిగేసి ఒకే ఊపులో వెనక్కి వాలతారు. ఒక వరస తొందరపడితే వల వంకర తిరుగుతుంది, చేప పక్కనుంచి జారిపోతుంది. అందుకే రెండు వరసలూ ఒకరినొకరు చూసుకుంటూ దగ్గరికి జరుగుతాయి. అందులో ఎవడెంత లాగాడో కొలవడం ఎవరి తరం? కొలవలేని పనికి తలకో వాటాయే కుదురుతుంది.

ఛత్రపురం_లెక్క:
'తలకో వాటా' వినడానికి బాగుంది వలతాడు గారూ, మోటారు పడవ దగ్గరికి రండి. పద్ధతి ఊరూరికీ మారుతుంది, ఒక నమూనా వేస్తాను.

150 కిలోలు, కిలో 118 చొప్పున 17,700. డీజిలు, ఐసు, తిండి ఖర్చు 4,200 పోతే 13,500. మనుషులు ఐదుగురికి ఐదు వాటాలు, పడవకి ఒకటి, ఇంజినుకి ఒకటి, వలలకి రెండు. మొత్తం తొమ్మిది, వాటా 1,500. పడవా ఇంజినూ వలలూ ఒకడివే అయి, వాడూ వేటకి వెళ్తే వాడికి 7,500. మిగతా నలుగురికీ తలా 1,500. సగానికి పైన ఒక్కడికే పోయినా ఎవరూ కిక్కురుమనకపోవడానికి కారణం ఉంది: వల చిరిగినా ఇంజిను మొరాయించినా ఆ భారం అతనిదే.

గొడవ పుట్టేది వేరేచోట. ఇంజినుకి వాటా తీసుకున్నవాడు మరమ్మతు 1,800 కూడా ఉమ్మడి ఖర్చులో రాశాడనుకోండి. మిగిలేది 11,700, వాటా 1,300. తలకి పోయింది రెండొందలే, కాని కళాసీ, అంటే పడవలో పనిచేసేవాడు, పడవ మారిపోయేది ఆ రెండొందల కోసమే. ఒకే దానికి రెండుసార్లు తీసుకున్నాడన్న కోపం అది. సమానం కాని వాటాని ఓర్చుకుంటాడు, దొంగలెక్కని ఓర్చుకోడు. ఇది భయం కాదు పంతులు గారూ. భయమైతే నోరు మూసుకుని అక్కడే ఉండేవాడు.

పర్లాకిమిడి_పంతులు:
పోగలిగినవాడు పోతాడు సరే, పోలేనివాడో? ఈశాన్య భారతంలోని పల్లెల్లో అదే ఆట 20 రూపాయల నుంచి 20,000 దాకా పెట్టి ఆడించారు, 2011లో ఫలితాలు వచ్చాయి. డబ్బు పెరిగేకొద్దీ తక్కువ వాటాని తిప్పికొట్టడం తగ్గింది. 20,000 దగ్గర దాదాపు అందరూ ఇచ్చినంత పుచ్చుకున్నారు. ఇరవై రూపాయల దగ్గర చూపించిన రోషం ఇరవై వేల దగ్గర ఏమైంది?

రుషికుల్య:
పుచ్చుకోవడం వేరు, న్యాయమనుకోవడం వేరు పంతులు గారూ. అవసరం గొంతుమీద కూర్చుంటే ఎవరైనా చెయ్యి చాపుతారు. అది అవసరానికి కొలత, మనసుకి కాదు.

స్వార్థమే స్వభావమైతే ఆట ఎక్కడాడినా ఒకేలా రావాలి. జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో ఆడించింది. పెరూ అడవుల్లో మచిగెంగావాళ్లు సగటున 26 శాతం ఇచ్చారు, దాన్ని తిప్పికొట్టినవాళ్లూ లేనట్టే. అక్కడ ఏ కుటుంబం పని ఆ కుటుంబానిదే, ఇంటి బయటివాళ్లతో కలిసి చేసేది తక్కువ. ఇండోనేషియాలో తిమింగలాల వేట చేసే లామలేరావాళ్లు సగటున 58 శాతం ఇచ్చారు, సగం కంటే ఎక్కువ! అక్కడ బల్లెం వేసినవాడికి, పడవ చేసిన వడ్రంగికి, తెరచాప కుట్టినవాడికి తిమింగలంలో ఏ ముక్క ఎవరిదో ముందే ఖాయం. మన పడవ వాటాలకి దూరపు చుట్టం లాంటిది. పపువా న్యూగినీలో ఔ, గ్నౌ జాతులవాళ్లు సగానికి మించి ఇస్తే కూడా కాదన్నారు. పెద్ద కానుక పుచ్చుకుంటే రుణపడాలి, ఎప్పుడడిగితే అప్పుడు తీర్చాలి. చేసే పనీ ఊరి ఆనవాయితీ ఎలా ఉంటే పంపకం అలా వచ్చింది.

ఛత్రపురం_లెక్క:
పంతులు గారి 'పోలేనివాడు' మాట మాత్రం నిజం, అది మన తీరంలోనే కనపడుతుంది. పడవకి అప్పిచ్చిన సావుకారుకే చేప పోయాలన్న షరతు ఉందనుకోండి. కిలోకి 20 తగ్గించి 98 కట్టాడంటే 150 కిలోల మీద 3,000 పోయింది, వాటాకి 333. పంపకానికి ముందే పోతుంది కాబట్టి ఒడ్డున లెక్క ఎంత న్యాయంగా వేసినా ఇది అందులోకి రాదు. కళాసీలు యజమానితో తగువు పడతారు, కోత పెట్టినవాడు పక్కనే తక్కెడ పట్టుకుని ఉంటాడు.

రుషికుల్య:
దీనికి ఒక పాత సర్వే గుర్తొస్తోంది. మంచు తుపాను మర్నాడు దుకాణంవాడు పారల ధర 15 డాలర్ల నుంచి 20 చేస్తే న్యాయమా అని కానేమన్, నెచ్, థేలర్ అడిగారు, 1986లో అచ్చయింది. 82 శాతం మంది అన్యాయమన్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ మర్నాడు ఇక్కడ కొవ్వొత్తుల గురించి అడిగినా జవాబు అదే వచ్చేదని నా నమ్మకం. లాభం మీద కాదు కోపం, అవతలివాడి ఇరకాటాన్ని లాభం చేసుకోవడం మీద.

ఛత్రపురం_లెక్క:
చెయ్యగలిగింది చెప్తాను. డీజిలు లీటర్లు, ఐసు పెళ్లలు పడవ నీటిలోకి దిగకముందే చీటీ మీద రాయాలి. వేలం పాట దగ్గర ఇద్దరు కళాసీలైనా నిలబడి ధర చెవులారా వినాలి. మరమ్మతు పుస్తకం వేరు, అది ఇంజిను వాటాలోంచే. ఇంటికి పట్టుకెళ్లే కూర చేప తూకానికి ముందే తీసి తలకింతని పెట్టాలి. లెక్క మర్నాటికి వాయిదా వేశారా, ఎవరికి గుర్తున్న అంకె వాళ్లది అవుతుంది.

పర్లాకిమిడి_పంతులు:
రెండుసార్లు తీసుకున్న ఇంజిను వాటా మాట నన్ను ఆలోచనలో పడేసింది, ఒప్పుకుంటున్నాను. కాని ఒక్కటి చెప్పండి. జ్వరంతో ఒడ్డున ఉండిపోయిన కళాసీకి ఆ రోజు వాటా ఉందా? తాడు పట్టుకోలేదు కదా.

వలతాడు:
వేటలో దెబ్బ తగిలి పడుకున్నవాడైతే పూర్తి వాటా ఇచ్చి తీరాలి, ఆ దెబ్బ అందరి పనిలో తగిలింది. జ్వరానికైతే కూర చేప ఇంటికి పంపాలి, అందులో రెండో మాట లేదు. డబ్బు వాటా మాత్రం పడవ కట్టిన రోజునే మాట్లాడుకోవాలి పంతులు గారూ. పట్టు బాగా పడిన రోజు ఒడ్డున నిలబడి తేల్చుకుందామంటే తేలదు.