దార్‌లో ‘సింబానా, యంగానా’ అంటున్నారు. మేనల్లుడి ఫుట్‌బాల్ గురించి కూడా ఒక సలహా కావాలి

కొత్తవాడు, దార్ ఎస్ సలామ్

అందరికీ నమస్కారం. టాంజానియాలో ఈ దార్ వచ్చి మూడు వారాలైంది. ఒక గిడ్డంగిలో అకౌంట్స్ చూస్తున్నాను, ఉపాంగాలో గది. రెండు విషయాలు అడగాలి. ఆఫీసులో అడుగు పెట్టిన రోజు నుంచి నా పేరు కంటే ముందు “సింబానా, యంగానా” అని అడుగుతున్నారు. ఇవి ఇక్కడి రెండు ఫుట్‌బాల్ క్లబ్బులట. ఏదో ఒకటి చెప్పేస్తే ఫరవాలేదా?

రెండోది అసలు సంగతి. హైదరాబాదులో మా అక్క కొడుకు పదిహేడేళ్లవాడు, ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. ఎవరో ఏజెంటు టాంజానియాలోనో కాంగోలోనో క్లబ్బులో చేర్పిస్తానని, వీసాకూ రిజిస్ట్రేషనుకూ కలిపి మూడున్నర లక్షలు కట్టమని అడుగుతున్నాడట. నేను ఇక్కడే ఉన్నాను కదా, కనుక్కోమని అక్క రోజూ ఫోను చేస్తోంది. బావగారేమో “ఆఫ్రికాలో ఆడి ఏం బాగుపడతాడు” అని కొట్టిపారేస్తున్నారు. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు.

కరియాకూ దుకాణం

ముందు సులువైనది. అస్సలు చెప్పకండి. రెండు క్లబ్బుల కార్యాలయాలూ మా కరియాకూలోనే ఉన్నాయి. యంగా 1935లో పుట్టింది, సింబా 1936లో. సింబాది ఎరుపు తెలుపు, యంగాది ఆకుపచ్చ పసుపు. ఒకసారి తెలియక ఈ రెండు జట్లూ తలపడే డెర్బీ రోజున పచ్చ చొక్కా వేసుకుని దుకాణం తెరిచాను. పదేళ్లుగా సామాను కొంటున్న పెద్దాయన లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి బేరమాడాడు.

ఇంకొకటి. మ్యాచ్ ‘సా కుమి’కి అంటే పదింటికని పొరబడేరు. సాయంత్రం నాలుగు. ఇక్కడ గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క, మన తాతలు గడియలు లెక్కపెట్టినట్టే. నేను మొదటిసారి రాత్రి తొమ్మిదిన్నరకు స్టేడియం దగ్గర దిగాను. కాపలావాడు తప్ప నరమానవుడు లేడు.

ఐదేళ్లు లుబుంబాషీలో ఉన్నవాడిని

తమ్ముడూ, నాకు యాభై నాలుగు. ‘నువ్వు’ అంటాను, ఏమనుకోకు. 2012 నుంచి 2017 దాకా కాంగోలోని లుబుంబాషీలో ఇనుప సామాను టోకు దుకాణంలో పనిచేశాను. ఇప్పుడు దార్‌లోనే ఉన్నాను.

మీ బావగారి మాటతో మొదలుపెడతాను. ఆఫ్రికాలో ఆడి బాగుపడినవాడు నువ్వున్న ఊళ్లోనే పుట్టాడు. పేరు మ్బ్వానా సమత్తా. సింబాకు ఆడుతుండగా 2011లో ఆఫ్రికా చాంపియన్స్ లీగ్‌లో వాళ్లకు లుబుంబాషీ జట్టు టీపీ మజెంబే ఎదురైంది. ఆ మ్యాచ్‌లలోనే ఇతను మజెంబే కంట పడ్డాడు. ఆ ఏడాదే పిలిపించుకున్నారు. పద్దెనిమిదేళ్లవాడు సరిహద్దు దాటి వెళ్లి నాలుగున్నరేళ్లు అక్కడే ఆడాడు. మన హైదరాబాదు హబీబ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ ఆడాడు కదా, అలాంటిదే అనుకో. కాకపోతే ఇక్కడ భాష, డబ్బు, పాస్‌పోర్టు అన్నీ మారతాయి.

మజెంబే చిన్న జట్టు అనుకునేవు. 2010లో క్లబ్ ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లి ఇంటర్ మిలాన్ చేతిలో ఓడింది. ఆఫ్రికా క్లబ్బు అంతదాకా వెళ్లడం అదే మొదలు. యజమాని మోయిజ్ కటుంబీ, ఆ కటంగా ప్రాంతానికి గవర్నరుగా చేసినవాడు. నేనున్న రోజుల్లో జట్టులో కాంగో వాళ్లతోపాటు జాంబియా, ఘనా, మాలి, ఐవరీ కోస్ట్ కుర్రాళ్లు ఉండేవారు. సమత్తాతోపాటు ఉలిమ్వెంగు అని మరో టాంజానియా కుర్రవాడు కూడా. ఒక్క మాటలో చెప్పాలంటే మన గల్ఫ్ క్యాంపులాగా, కాకపోతే జీతం బాగా ఎక్కువ.

2015 నవంబరు 8, ఆదివారం. కమలొండోలోని మజెంబే స్టేడియంలో చాంపియన్స్ లీగ్ ఫైనల్ రెండో మ్యాచ్. అంతకుముందు వారం అల్జీర్స్‌లో యూఎస్ఎం అల్జర్‌ను 2-1తో ఓడించి వచ్చారు. మా దుకాణం కుర్రాళ్లు నన్ను బలవంతంగా లాక్కెళ్లారు. చుట్టూ నలుపు తెలుపు చారల చొక్కాలు. ఈ జట్టును వాళ్లు ‘కాకులు’ అంటారు. మనకు కాకి అంటే తద్దినం గుర్తొస్తుంది, నేను నవ్వాపుకోలేకపోయాను. నా పక్కన కసుంబలేసా సరిహద్దు దాటి వచ్చిన జాంబియా లారీ డ్రైవరు, ఒళ్లో వేరుశనక్కాయల పొట్లం. ఆట సగం దాటినా గోలు లేదు. డెబ్బై అయిదో నిమిషంలో పెనాల్టీ వచ్చింది. సమత్తా బంతిని చుక్క మీద పెట్టాడు. డ్రైవరు కాయ ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయాడు. గోలు పడగానే పొట్లం మొత్తం నా తల మీద ఉంది. చివర్లో ఐవరీ కోస్ట్ కుర్రవాడు అసాలే ఇంకొకటి వేశాడు, 2-0.

ఆ పోటీలో సమత్తావి 7 గోల్స్. 2016 జనవరిలో, ఆఫ్రికాలోనే ఆడుతున్నవారిలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఇచ్చారు. తూర్పు ఆఫ్రికాకు అదే మొదటిసారి. అదే నెలలో బెల్జియం జట్టు గెంక్‌కు వెళ్లాడు, 2019లో అక్కడ లీగ్ గెలిచాడు, 2020 జనవరిలో ఇంగ్లండులో ఆస్టన్ విల్లా. అంటే యూరప్‌కు దారి దార్ నుంచి లుబుంబాషీ మీదుగా పోయింది. చాలామంది లుబుంబాషీని మెట్టు అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అక్కడే ఆడి, అక్కడే సంపాదించి, ఇల్లు కట్టుకుని, పేరుతో ఇంటికి వెళ్లినవాళ్లు బోలెడుమంది.

ఇక మీ మేనల్లుడు. ఇంతసేపూ చెప్పిన కథలో ఎవరు ఎవరికి డబ్బు ఇచ్చారో గమనించావా? కావలసినవాడిని క్లబ్బే టికెట్టు పెట్టి పిలుస్తుంది. మైదానంలో చూసి పిలుస్తుంది, ఫోనులో చూసి కాదు. మీ అక్క దగ్గర మూడున్నర లక్షలు అడిగినవాడి లెక్క ఇక్కడే తప్పింది.

వయసు సంగతి మరీ ముఖ్యం. పద్దెనిమిది నిండని పిల్లవాడిని మరో దేశపు క్లబ్బు చేర్చుకోకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పని మీద ఆ దేశానికి మారడం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మేనమామ ఉన్నాడంటే ఆ లెక్కలోకి రాదు. పద్దెనిమిది దాటినా, పాత దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి బదిలీ పత్రం రానిదే ఆడించరు. కాగితం విలువ చెబుతాను విను. ఆ 2011 పోటీలో మైదానంలో గెలిచింది మజెంబేయే. కానీ ట్యునీషియాలోని ఎస్పెరాన్స్‌కు ఆడి తిరిగొచ్చిన బొకుంగు అనే ఆటగాడి అర్హత మీద సింబా ఫిర్యాదు చేసింది. వరసగా రెండేళ్లు కప్పు గెలిచిన జట్టును పోటీ నుంచి తీసేశారు. అంత పెద్ద క్లబ్బే ఒక్క ఆటగాడి కాగితాల దగ్గర తప్పు చేసి పోగొట్టుకుంది.

మా దుకాణం పై గదిలో పడమటి ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రవాడు ఒకడు నాలుగు నెలలు ఉన్నాడు. ఏ క్లబ్బూ పిలవలేదు, ఏజెంటు తీసుకొచ్చి దింపాడు, పాస్‌పోర్టు పట్టుకుపోయాడు. సాయంత్రం కాగానే వాడు బూట్లు కడిగి కిటికీకి వేలాడదీసేవాడు. ఆడింది లేదు, బూట్లకు మట్టీ లేదు. మా యజమాని టికెట్టులో సగం పెట్టుకుంటే మిగతా సగం మేము వేసుకుని పంపించాం. వెళ్లేటప్పుడు బూట్లు మా వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చాడు. వాడి కాలికి రెండు సైజులు పెద్దవి.

ఎప్పుడైనా నిజంగా ఒప్పందం దాకా వస్తే ఈ కాసిన్ని చూసుకోండి. ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉండాలి, పేర్లు ఫిఫా సైటులో ఉంటాయి. ఒప్పందం మనకు తెలిసిన భాషలో ఒక ప్రతి చేతికి రావాలి. లుబుంబాషీలో అన్నీ ఫ్రెంచిలో రాస్తారు, బజారులో స్వాహిలీ మాట్లాడతారు. రెండు నెలల జీతం బకాయి పడితే క్లబ్బుకు రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి ఒప్పందం తెంచుకునే హక్కు ఆటగాడికి ఉంది. ఈ నియమం తెలియక ఏడాది పొడుగునా ‘వచ్చే నెల’ అన్న మాట వింటూ కూర్చున్నవాళ్లను చూశాను. పాస్‌పోర్టు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఇది నీకు కూడా, తమ్ముడూ.

దక్షిణాఫ్రికా ప్రిటోరియా నుంచి ఒక అమ్మ

అన్నయ్యగారు అంతా చెప్పారు. మా వైపు నుంచి ఒక పేరు కలుపుతాను. డెనిస్ ఒన్యాంగో, ఉగాండా గోల్‌కీపర్. ఇథియోపియాలో సెయింట్ జార్జ్‌కు ఆడి, మా ఊరి సూపర్‌స్పోర్ట్ క్లబ్బుకు వచ్చి, తర్వాత ఇక్కడిదే మరో క్లబ్బు సన్‌డౌన్స్‌లో చేరాడు. చేరగానే చోటు దొరకలేదు, మధ్యలో లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, విట్స్ క్లబ్బుకు పంపారు. 2016లో సన్‌డౌన్స్ ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు గోలులో అతనే ఉన్నాడు. సమత్తా తర్వాతి ఏడాది అదే బహుమతి ఇతనికి వచ్చింది, అప్పటికి ముప్పై దాటాయి.

పదిహేడేళ్లకే ఆలస్యమైపోతోందని మీ అక్కగారు కంగారు పడవద్దు. పిల్లవాడిని ముందు హైదరాబాదులో లీగ్ ఆడనివ్వండి, డిగ్రీలో చేర్చండి. మావాడికి ఆటలో ఏమీ రాకపోయినా జులు భాష వచ్చింది, ఇప్పుడు దాని మీదే ఉద్యోగం.

కొత్తవాడు, దార్ ఎస్ సలామ్

అన్నయ్యా, అక్కయ్యా, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ఆ ఏజెంటును లైసెన్సు వివరాలు, క్లబ్బు పంపిన ఉత్తరం అడిగాం. “నమ్మకం లేకపోతే వదిలేయండి” అన్నాడు. మర్నాటి నుంచి ఫోను ఎత్తడం లేదు. మేనల్లుడు నాతో మాట్లాడటం లేదు. నేను పంపిన సమత్తా పెనాల్టీ వీడియో మాత్రం చూశాడట, “కుడి వైపు కొట్టి ఉంటే ఇంకా బాగుండేది” అని అక్కతో అన్నాడట.

ఆదివారం ఆఫీసువాళ్లు మ్కాపా స్టేడియానికి తీసుకెళుతున్నారు. సా కుమికి. తెల్ల చొక్కా వేసుకుంటే ఎవరికీ బాధ ఉండదు కదా?

కరియాకూ దుకాణం

తెలుపు సింబాది. నీలం వేసుకోండి.

ఐదేళ్లు లుబుంబాషీలో ఉన్నవాడిని

నీలం ఆజం జట్టుది. అయినా ఫరవాలేదు, వాళ్ల అభిమానులు నిన్ను చూసి సంతోషిస్తారు.