852 కోడ్ మిగిలితే చాలా? హాంకాంగ్ టెలికాం మీద చర్చ

కోస్తా_రేడియో: 1997 జులై 1న హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళినా ఫోన్ కోడ్ 852 అలాగే ఉంది. చైనాది 86. హద్దు అవతలి షెన్‌జెన్‌కి చేసినా అంతర్జాతీయ కాలే. దీన్ని చూపించి స్వయంప్రతిపత్తి అంటారు, నా లెక్కలో ఇది పైపూత. అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూలో ఓటున్న పూర్తి సభ్యత్వం దేశాలకే. హాంకాంగ్ అధికారులు చైనా బృందంలో కలిసి వెళ్ళాల్సిందే.

సత్తిపండు77: బ్రిటిష్ వాళ్ళప్పుడు మాత్రం విడిగా కూర్చోబెట్టారా అన్నా? అప్పుడు లండన్ వెనక, ఇప్పుడు బీజింగ్ వెనక. హాంకాంగ్‌కి రాజ్యాంగంలాంటి మూల చట్టం (బేసిక్ లా) 152వ అధికరణం ఈ ఏర్పాటునే రాసింది. దాని ముందున్న 151 కూడా చదవండి: కమ్యూనికేషన్ల రంగంలో 'హాంకాంగ్, చైనా' పేరుతో సొంతంగా ఒప్పందాలు చేసుకోవచ్చు. ప్రపంచ వాణిజ్య సంస్థలో హాంకాంగ్ 1995 నుంచీ సభ్యురాలు, చైనా చేరింది 2001లో!

ఇంకోటి. విదేశీ కాల్స్ మీద హాంకాంగ్ టెలికాం ఇంటర్నేషనల్ అనే కంపెనీకి 2006 దాకా గుత్తాధిపత్యం రాసిచ్చారు. 1998లో అక్కడి ప్రభుత్వం 670 కోట్ల హాంకాంగ్ డాలర్ల పరిహారానికి ఒప్పుకుని దాన్ని ముందే వదిలించుకుంది. 1999 నుంచి పోటీ. పైపూతకి ఎవరైనా అంత డబ్బు పోస్తారా?

కోస్తా_రేడియో: వంటిల్లు కోడలిదే తమ్ముడూ, బియ్యం కొట్టు తాళం అత్తగారి కొంగున ఉంది. ఉపగ్రహానికి కక్ష్య, ఫ్రీక్వెన్సీ కావాలంటే ఐటీయూకి కాగితాలు దేశ ప్రభుత్వం ద్వారానే పోవాలి. హ్యామ్ (సరదాగా రేడియో నడిపే) వాళ్ళని అడగండి: హాంకాంగ్ స్టేషన్ల గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, ముందు అక్షరాలు పాతవి వీఎస్6 బ్రిటన్ వరసలోది, అది పోయి వీఆర్2 వచ్చింది. ఆ వీఆర్ వరస ఐటీయూ పట్టికలో చైనా పేరు కిందే ఉంది.

లైన్‌మన్‌గారబ్బాయి: ఇద్దరూ ఐటీయూ ఉండే జెనీవా దగ్గరే ఆగిపోయారు. అవతలివాడు ఒప్పుకోకపోతే 151 ఉండి ఏం లాభం? గూగుల్, ఫేస్‌బుక్ భాగస్వాములుగా వేసిన పసిఫిక్ సముద్ర కేబుల్ సంగతి చూడండి. 2020 జూన్‌లో అమెరికా న్యాయశాఖ నడిపే కమిటీ హాంకాంగ్ కొమ్మకి అనుమతి వద్దంది. తైవాన్, ఫిలిప్పీన్స్ కొమ్మలకి అడ్డు చెప్పలేదు. మరుసటి నెలలోనే హాంకాంగ్‌ని విడిగా చూడటం ఆపేస్తూ ట్రంప్ ఉత్తర్వు.

సత్తిపండు77: ఆపింది వాషింగ్టన్. అమెరికా భయాన్ని హాంకాంగ్ చట్టం లోపంగా రాస్తే ఎలాగండీ?

లైన్‌మన్‌గారబ్బాయి: ఆ భయం ఎందుకు పెరిగిందో కూడా చెప్పండి మరి. అదే జూన్ 30న హాంకాంగ్ మీద బీజింగ్ జాతీయ భద్రతా చట్టం వచ్చింది. దాన్ని రాసింది హాంకాంగ్ శాసనసభ కాదు.