నాళం ‘చిట్లడం’ బదులు ‘చెమర్చడం’ అనొచ్చా?

డెంగీ మీద ఒక కరపత్రం తెలుగులోకి రాస్తున్నాను. "వైరస్ వల్ల సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి" అని రాశాక అనుమానం వచ్చింది. ఈ సన్నటి నాళాల్నే కేశనాళికలంటారు. వాటి గోడంటే ఒకే ఒక్క వరుస కణాలు. వైరస్ నుంచి వచ్చే ఎన్‌ఎస్1 ప్రొటీన్, మన రోగనిరోధక కణాలు వదిలే రసాయనాలు కలిసి ఆ గోడ లోపలి పూతను పాడుచేసి, కణాల మధ్య అతుకుల్ని వదులు చేస్తాయి. ఆ సందుల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, జారిపోతుంది, ఎర్రకణాలు చాలావరకు లోపలే ఉండిపోతాయి. రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరిగేది అందుకే. నాళం చిట్లితే అన్నీ కలిసే పోవాలి కదా! గోడ చెమర్చినా, కళ్ళు చెమర్చినా ఏదీ పగలదు. అందుకని ‘చెమర్చడం’ అందామా?

— మాట బాగుంది గానీ మరీ మెత్తగా ఉందండీ. కళ్ళు చెమర్చాయని ఎవరూ ఆస్పత్రికి పరిగెత్తరు. ఇక్కడ ఆ ద్రవం పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరి బీపీ పడిపోవచ్చు. అదీ, జ్వరం తగ్గింది, గండం గడిచింది అనుకునే ఆ ఒకటి రెండు రోజుల్లోనే. ‘కారిపోవడం’ అనండి.

— కారడానికి చిల్లు ఉండాలి. ‘ఊరడం’ నయం, బావిలో నీరు ఊరినట్టు.

— చిన్న పిడకలవేట: కేశనాళికలో ‘కేశం’ లాటిన్ ‘కాపిల్లస్’కి అనువాదం, దానర్థమూ వెంట్రుకే. 1661లో ఇటలీ వైద్యుడు మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో వీటిని చూశాడు. నిజానికి వెంట్రుక వీటి ముందు మహా లావు. కేశనాళిక వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎర్రకణమే 7, 8 ఉంటుంది. ఒంగి, ఒదిగి దూరాలి పాపం.

— ‘చిట్లడం’ పూర్తిగా తీసేయకండి. డెంగీలో ఒంటి మీద ఎర్రటి చుక్కలు వస్తాయి చూశారా, అవి చర్మం కింద రక్తం చిమ్మినవే. ప్లేట్‌లెట్లు పడిపోవడం కూడా తోడవుతుంది. కోవిడ్‌లో కథే వేరు. అక్కడ సన్నటి నాళాల లోపలి పొర వాచి, చిన్న చిన్న గడ్డలు కట్టి దారి పూడుకుపోతుంది. ఊరడం, చిట్లడం, పూడటం... మూడింటినీ ‘దెబ్బతినడం’ అనే ఒక్క మాటలో కుక్కేస్తున్నాం.

అందరికీ థ్యాంక్సండీ. ఇలా మార్చాను: "జ్వరం తగ్గినా జాగ్రత్త. రక్తంలోని నీరు సన్నటి నాళాల్లోంచి బయటికి ఊరిపోయేది ఎక్కువగా అప్పుడే." ‘ఊరిపోయేది’ చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటే చెప్పండి.